శీర్షిక పుట వెనక ఖాళీ

రెండేళ్ళ క్రితం ఒక వ్యాసంలో నేనొక తప్పు రాశాను. గుంటూరు ప్రాంతంలో పొగాకు గ్రేడింగ్ కూలీగా పనిచేసిన ఒక స్త్రీ సొంత ఖర్చుతో వేసుకున్న ముప్పై ఆరు పేజీల కవితల పుస్తకం గురించి చెబుతూ, 1980లలో స్త్రీవాద కవిత్వం తెరిచిన దారిలో శ్రామిక స్త్రీలు కూడా నడిచి వచ్చారనటానికి ఇది నిదర్శనమని అన్నాను. వాక్యం చక్కగా అమరింది. మరో ఇద్దరు తమ వ్యాసాల్లో దాన్ని ఎత్తి రాశారు. ఒక పరిశోధక విద్యార్థి సిద్ధాంత వ్యాసంలో అది అధస్సూచికగా కూడా చేరింది. తీరా ఇప్పుడు తేలిందేమిటంటే ఆ పుస్తకం 1980ల నాటిది కాదు. 1977 చివర అచ్చయింది. అంటే ముందు నడిచిన మనిషిని నేను వెనక నడిచిన మనిషిగా చేశాను. ఆమె ఎవరి ప్రభావంతోనూ రాయలేదు. ఆకులు వేరుచేసే చేతులకు పట్టిన జిగురు గురించి, మేస్త్రీ కళ్ళ గురించి, బిడ్డకు పాలివ్వటానికి అడగవలసిన అనుమతి గురించి, అప్పటికి ఆ మాటలు చెప్పటానికి విమర్శలో ఒక పేరంటూ పుట్టకముందే రాసింది.

ఈ తప్పు ఎట్లా జరిగిందో చెప్పటం స్వీయ విమర్శ కోసమే అయితే నాలుగు వాక్యాల సవరణతో సరిపోయేది. అయితే కారణం వెతుకుతూ పోతే అది నా ఒక్కడి అజాగ్రత్త దగ్గర ఆగలేదు. మన పుస్తకాలను మనం అచ్చువేసుకునే పద్ధతి దగ్గరికీ, వాటిని గ్రంథాలయాలు నమోదు చేసుకునే పద్ధతి దగ్గరికీ వెళ్ళింది. అందుకే ఈ వ్యాసం.

ఆ పుస్తకం నేను చూసింది ఒక జిల్లా గ్రంథాలయంలో. శీర్షిక పుట మీద పుస్తకం పేరు, కవయిత్రి పేరు వున్నాయి. దాని వెనక పుటలో వెల రెండు రూపాయలు అనీ, ప్రతులకు రచయిత్రి అనీ మాత్రమే వుంది. సంవత్సరం లేదు. ప్రెస్సు పేరు వెనక అట్ట మడతలో సగం తెగిపోయింది. రెండు ముందుమాటలున్నాయి. ఒకటి అధ్యాపకుడిది, ఇంకొకటి కార్మిక సంఘ నాయకుడిది. ఇద్దరూ చివర ఊరు పేరు వేశారు గాని తేదీ వేయలేదు. గ్రంథాలయం లోపలి ముద్రలో 1985 వుంది. అది పుస్తకం అక్కడికి విరాళంగా వచ్చిన సంవత్సరం. తర్వాత ఎప్పుడో కార్డులను కంప్యూటరుకు ఎక్కించినప్పుడు, ప్రచురణ సంవత్సరం అనే గడి ఖాళీగా వుండకూడదు కనుక, ఎవరో ఆ 1985నే అందులో వేశారు. నేను ఆ జాబితా చూసి నమ్మాను. రెండు రూపాయల వెల చూసైనా అనుమానం రావలసింది. రాలేదు. ఎందుకు రాలేదంటే 1985 నా సిద్ధాంతానికి అతికింది.

గ్రంథసూచి అంటే మన సాహిత్య విద్యార్థులకు గుమాస్తా పని. కార్డు రాయటం, సంఖ్య వేయటం, వీపు మీద చీటీ అంటించటం. నిజానికి పుస్తకం మీద జరిగే మొదటి విమర్శ అదే. ఈ పుస్తకం ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది, దేని గురించి, ఏ పుస్తకాల పక్కన నిలబడాలి – ఈ అయిదు ప్రశ్నలకు విమర్శకుడి కంటే ముందు గ్రంథాలయంలో కూర్చున్న మనిషి జవాబు చెబుతాడు. ఆ జవాబు మీద మనం చరిత్ర కడతాం. దశాబ్దాలు విడదీసి, ధోరణులకు పేర్లు పెట్టి, ఆద్యులెవరో అనుయాయులెవరో తీర్మానిస్తాం. పునాది రాయి ఎవరు పెట్టారో మాత్రం అడగం.

పెద్ద ప్రచురణ సంస్థ పుస్తకం వేస్తే ఈ వివరాలు ఏదో ఒక మేరకు వుంటాయి. వ్యాపారానికి అవి కావాలి. తెలుగులో కవిత్వం మాత్రం చాలావరకు కవుల సొంత ఖర్చుతోనే వస్తుంది. కథల సంపుటాలూ ఎక్కువగా అంతే. జీతంలో మిగుల్చుకునో, పి.ఎఫ్. తీసుకునో, మిత్రులు తలా కొంత వేసుకునో అయిదు వందల ప్రతులు వేస్తారు. మూడు వందలు పంచిపెడతారు. మిగిలినవి మంచం కింద వుంటాయి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మార్కెట్టు మోయని సాహిత్యాన్ని రాసిన మనిషే మోశాడు. దళితులూ, ముస్లిములూ, చిన్న ఊళ్ళ పంతుళ్ళూ, కూలిపని చేస్తూ పాటలు కట్టినవాళ్ళూ తమ గొంతును అచ్చులో చూసుకున్నది ఎక్కువగా ఇట్లాగే. అందువల్ల సొంత ప్రచురణలకు సరైన నమోదు లేదంటే నష్టపోయేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. విశ్వవిద్యాలయ ఆచార్యుడి గ్రంథం పోదు. పొగాకు కూలీ పుస్తకం పోతుంది.

మన సొంత ప్రచురణలను ఒక పాతిక ముందు పెట్టుకుని శీర్షిక పుట వెనక ఏముందో చూడండి. కృతజ్ఞతలు వుంటాయి, ముఖచిత్రం వేసినవారి పేరు వుంటుంది, డి.టి.పి. చేసినవారి సెల్ నంబరు కూడా వుంటుంది. సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి రుధిరోద్గారి నామ సంవత్సర ఉగాది అని వుంటుంది. అరవై ఏళ్ళ చక్రంలో రుధిరోద్గారి 1923లో వచ్చింది, 1983లోనూ వచ్చింది. చేతికి తీసుకున్నవాడు కాగితాన్నీ అచ్చునూ చూసి ఊహించుకోవాలి. ఇంకొక పుస్తకంలో ప్రచురణకర్త స్థానంలో ఫలానా ప్రచురణలు అని గంభీరంగా వుంటుంది. అది కవి తల్లి పేరు, లేకపోతే కూతురి పేరు. ఆ సంస్థ వేసింది ఆ ఒక్క పుస్తకమే. చిరునామా లేదు. ఇరవై ఏళ్ళ తర్వాత పరిశోధకుడు ఆ ప్రచురణ సంస్థ చరిత్ర కోసం ఊళ్ళు తిరుగుతాడు. మరొకదానిలో ద్వితీయ ముద్రణ అని వుంటుంది, మొదటిది ఎప్పుడో వుండదు. నాలుగు కవితలు కొత్తగా చేర్చారు, ఏవో చెప్పరు. అప్పుడది ముద్రణా, కూర్పా? విమర్శకు ఈ తేడా చాలా పెద్దది. కవి 1975లో అనుకున్నది 1990లో మార్చుకున్నాడంటే ఆ మార్పు ఒక రాజకీయ పరిణామం. దాన్ని మనకు కనపడకుండా చేసింది ప్రెస్సు వాడు కాదు, కవే.

అన్ని ప్రముఖ పుస్తక కేంద్రాల్లో దొరుకుతుందనే మాట మాత్రం తప్పకుండా వుంటుంది.

ముందుమాటలు రాసేవాళ్ళం కూడా తక్కువ తినలేదు. నేను ఇప్పటికి ఇరవైకి పైగా ముందుమాటలు రాసివుంటాను. ఈ వ్యాసం కోసం తీసి చూస్తే సగానికి తేదీ లేదు. కవి నిబద్ధత గురించి నాలుగు పేజీలు రాసినవాడికి నెలా సంవత్సరమూ వేయటానికి చేయి రాలేదు.

మన దేశపు గ్రంథాలయ శాస్త్రంలో అగ్రగణ్యుడు రంగనాథన్ ఈ సంగతిని ఎంత తీవ్రంగా తీసుకున్నాడో మనవాళ్ళకు తెలియదు. 1933లో ఆయన వెలువరించిన కోలన్ వర్గీకరణలో సాహిత్య రచయితకు సంఖ్య వచ్చేది ఆయన పుట్టిన సంవత్సరాన్ని బట్టి. షేక్‌స్పియర్ నాటకాలు ఓ111,2జె64. అందులో జె64 అంటే 1564. ఆ లెక్కన 1910లో పుట్టిన శ్రీశ్రీ ఎన్10 అవుతాడు. కవి పుట్టిన సంవత్సరం తెలియకపోతే ఆ పద్ధతిలో అతన్ని అతని కాలంలో నిలబెట్టటం కుదరదు. ఇది ఆయన ఛాందసం అనుకోవచ్చు. నాకు మాత్రం అందులో ఒక చారిత్రక దృష్టి కనిపిస్తుంది. రచయిత కాలంలో పుట్టినవాడు, కాలంతో కలిపి తప్ప అతన్ని చదవకూడదు అని ఆ చిన్న సంఖ్య చెబుతోంది. మన గ్రంథాలయాలు ఎక్కువగా వాడే డ్యూయీ దశాంశ పద్ధతి 1876 నాటి అమెరికాది. అందులో తెలుగు సాహిత్యం 894.827. కవిత్వానికి చివర ఒకటి, నాటకానికి రెండు, నవలకూ కథకూ మూడు. ఆ పద్ధతిలో భాష, ఆ తర్వాత ప్రక్రియ; విషయానికి చోటు దాదాపు లేదు. సమ్మె మీద రాసిన నవలా, జమీందారు కొడుకు ప్రేమ మీద రాసిన నవలా ఒకే అరలో భుజాలు రాసుకుంటూ నిలబడతాయి. విషయసూచికలు చేస్తే ఈ లోటు కొంత తీరుతుంది. మన జిల్లా గ్రంథాలయాల్లో అవి చేసే తీరికా సిబ్బందీ ఎక్కడున్నాయి?

ఇంతకూ మన పుస్తకాల చిట్టా ఇన్నాళ్ళూ ఎవరు రాశారు? ఈ ప్రశ్న వేసుకుంటే మింగుడుపడని సంగతులు బయటికొస్తాయి.

1857 తిరుగుబాటు తర్వాత పదేళ్ళకు, 1867లో, బ్రిటిష్ ప్రభుత్వం ప్రెస్సుల, పుస్తకాల నమోదు చట్టం తెచ్చింది. ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, ఊరు వుండాలి. ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాలి. ప్రభుత్వం మూడు నెలలకోసారి ఆ పుస్తకాల జాబితా అచ్చువేయాలి. దేశభాషల్లో ఏం అచ్చవుతోందో తెలుసుకుని కనిపెట్టి వుండటానికి పాలకులకు ఇదొక సాధనం. అయితే 1870ల తర్వాతి తెలుగు పుస్తకాల గురించి – చిల్లర శతకాలూ, వీధి నాటకాలూ, పాటల పుస్తకాలూ సహా – ఈనాడు మనకు తెలిసినదానిలో గణనీయమైన భాగం ఆ జాబితాల పుణ్యమే. 1912లో బార్నెట్ తయారుచేసిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల సూచిని మన పండితులు ఈనాటికీ తిరగేస్తారు. మన పెద్దల పుస్తకాలకు పాలకుల గూఢచర్యం పుట్టినరోజు పత్రాలు రాసిపెట్టింది. ఆ చట్టం 2024 మార్చి ఒకటితో రద్దయింది. దాని స్థానంలో వచ్చిన 2023 చట్టం పత్రికలకే పరిమితం, పుస్తకాల నమోదూ జాబితా దాని పరిధిలో లేవు. ఒక నిర్బంధం పోయిందని సంతోషించవలసిందే. ఆ చిట్టా రాసే పని ఇప్పుడు ఎవరిదని అడగవలసింది కూడా.

1954లో పార్లమెంటు చేసిన చట్టం ఇంకా వుంది. ఏ పుస్తకమైనా వెలువడిన ముప్పై రోజుల్లో ప్రచురణకర్త తన ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మద్రాసు కన్నెమరాకూ, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపాలి. పంపకపోతే యాభై రూపాయల దాకా జరిమానా, పైన పుస్తకం వెల. సొంత ఖర్చుతో వేసుకున్న కవి కూడా ఈ చట్టం దృష్టిలో ప్రచురణకర్తే. మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? నాలుగు ప్రతులూ పోస్టు ఖర్చులూ కవికి బరువే. పైగా ఈ నాలుగు నగరాల్లో ఒక్కటి కూడా తెలుగు నేల మీద లేదు. కలకత్తాకు చేరిన ప్రతుల ఆధారంగా 1950ల చివర జాతీయ గ్రంథసూచి మొదలైంది. అందులో తెలుగు పుస్తకం పేరు కనిపించేది రోమన్ లిపిలో, అక్షరాల మీదా కిందా చుక్కలతో గీతలతో. తెలుగు మాత్రమే వచ్చిన కవి ఆ గ్రంథంలో తన పుస్తకాన్ని తాను గుర్తుపట్టలేడు. ప్రతి పంపనివాడి పేరు ఆ చుక్కల గీతల్లో కూడా వుండదు.

అన్నిటికంటే వింత గోధుమల కథ. 1954లో అమెరికా చేసిన పబ్లిక్ లా 480 కింద మనకు గోధుమలు వచ్చాయి. వాటికి మనం రూపాయల్లో చెల్లించిన సొమ్ము ఇక్కడే పోగుపడింది. అందులో కొంత పుస్తకాలకు మళ్ళించారు. 1962లో ఢిల్లీలో వెలసిన అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం కార్యాలయం మన భాషల పుస్తకాలు కొని, సూచి తయారుచేసి, అక్కడి విశ్వవిద్యాలయాలకు పెట్టెలకొద్దీ పంపింది. ఏ నెలలో ఏం కొన్నారో జాబితాలు అచ్చువేసింది. అందులో చిన్న ఊళ్ళలో వచ్చిన కవితా సంపుటాలూ వున్నాయి. 1980ల మధ్యకు ఆ రూపాయల దారి మూసుకుపోయినా ఆ కార్యాలయం పని ఆగలేదు. మన రేషను షాపు గోధుమల వెనక మన కవుల పుస్తకాల కార్డులున్నాయన్నమాట. సామ్రాజ్యవాదానికి ఇక్కడి సమాజాన్ని తెలుసుకోవలసిన అవసరం వుంది, ప్రాంతీయ అధ్యయనాల పేరుతో అది సాగింది – ఈ విశ్లేషణలో నాకు అనుమానం లేదు. అయితే ఆ మాట అనేసి చేతులు దులుపుకుంటే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. షికాగోలో దొరికే తెలుగు కవిత్వ సంపుటం అది పుట్టిన జిల్లా గ్రంథాలయంలో ఎందుకు దొరకదు? 1914లోనే గ్రంథాలయ సంఘం పెట్టుకున్న జాతి మనది. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత పత్రికలను ఈనాటికీ కాపాడుతోంది. 1960 చట్టం కింద ఆస్తిపన్ను మీద గ్రంథాలయ సెస్సు కడుతూ వచ్చాం. ఇంత ఉద్యమ వారసత్వం వున్నచోట స్థానిక రచయితల పుస్తకాల జాబితా లేని జిల్లాలుండటానికి వాషింగ్టన్ బాధ్యత వహించదు.

ఆ వాషింగ్టన్‌లో మాత్రం సొంత ప్రచురణకర్తకు గౌరవం దక్కిందనుకోకండి. అక్కడ 1971 నుంచి సి.ఐ.పి. అనే ఏర్పాటు వుంది. పుస్తకం అచ్చు కాకముందే ప్రచురణ సంస్థ వివరాలు పంపితే, కాంగ్రెసు గ్రంథాలయం సూచీ వివరాలు తయారుచేసి ఇస్తుంది. వాటిని శీర్షిక పుట వెనక అచ్చువేస్తారు. రచయిత పేరు, విషయం, వర్గ సంఖ్య అన్నీ పుస్తకం పుట్టుకతోనే వస్తాయి. ఏ ఊళ్ళో గ్రంథాలయమైనా దాన్ని చూసి నమోదు చేసుకోవచ్చు. అయితే రచయిత తన ఖర్చుతో తానే వేసుకున్న పుస్తకానికి ఆ సౌకర్యం లేదు. ఒక నియంత్రణ సంఖ్య మాత్రం ముందుగా అడిగి తీసుకోవచ్చు. ఈ ఖాళీలోకి వ్యాపారం వచ్చింది. డబ్బు కడితే అటువంటి వివరాలే తయారుచేసి ఇచ్చే ప్రైవేటు సేవలు అక్కడ నడుస్తున్నాయి. ప్రజల పన్నుతో నడిచే గ్రంథాలయం పెద్ద సంస్థలకు ఉచితంగా చేసిపెట్టే పనిని ఒంటరి రచయిత కొనుక్కోవాలి.

మన దగ్గర ఒకటి మాత్రం ఉచితంగా దొరుకుతుంది. ఐ.ఎస్.బి.ఎన్. 1985లో రాజా రామమోహన్ రాయ్ పేరిట ఏర్పడిన జాతీయ సంస్థ ఆ సంఖ్యలను ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంతంగా కూడా అడగవచ్చు. అయితే మనవాళ్ళకు దాని మీద ఒక మూఢభక్తి ఏర్పడింది. 2010లో యు.జి.సి. అధ్యాపకుల ప్రచురణలకు మార్కులు కట్టటం మొదలుపెట్టాక, ఆ పదమూడంకెల సంఖ్య వుంటే అది ప్రామాణిక గ్రంథం, లేకపోతే కరపత్రం అనే భావం కళాశాలల్లో పాతుకుపోయింది. నిజానికి అది సరుకును గుర్తుపట్టే సంఖ్య. అమ్మకానికీ లెక్కకూ పనికొస్తుంది. పుస్తకం దేని గురించో, రచయిత ఎవరో, ఇది ఎన్నో కూర్పో అది చెప్పదు. చారల ముద్ర అట్ట మీద మెరుస్తూ, లోపల సంవత్సరం లేని పుస్తకాలు నా బల్ల మీదే మూడున్నాయి.

ఇక పేరు సంగతి. ఇక్కడ సమస్య నిజంగా చిక్కుది.

దిగంబర కవుల మూడు సంపుటాలు 1965, 1966, 1968లలో వచ్చాయి. కవులే పూనుకుని తెచ్చుకున్నవి. మొదటిదాన్ని హైదరాబాదులో అర్ధరాత్రి వేళ రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు, రెండోదాన్ని విజయవాడలో హోటలు కార్మికుడు జంగాల చిట్టి ఆవిష్కరించారు. ఆరుగురూ తల్లిదండ్రులు పెట్టిన పేర్లు వదులుకున్నారు. వారాలకూ ఋతువులకూ కూడా కొత్త పేర్లు పెట్టుకున్నారు. గ్రంథాలయంలో కూర్చున్న మనిషికి ఇదంతా ఎంత తలనొప్పో ఊహించండి. చెరబండరాజును ఆ పేరు కింద నమోదు చేయాలా, బద్దం భాస్కరరెడ్డి కింద చేయాలా? 1978 నాటి ఆంగ్లో అమెరికన్ సూచీ నియమాల ప్రకారం రచయిత ఏ పేరుతో ప్రసిద్ధుడో ఆ పేరే శీర్షిక. అది సబబైన నియమం. అయితే రెండో పేరు నుంచి చూడుము అని ఒక చీటీ వేయటమూ ఆనవాయితీ. కవి తెంపుకున్న కులం తోక ఆ చీటీలో మళ్ళీ మొలుస్తుంది. పాఠకుడికి సౌకర్యం, కవికి అవమానం. నా అభిప్రాయం అడిగితే, రచయిత వద్దనుకున్న పేరును గ్రంథాలయం తవ్వి తీయకూడదు. ఒకే పేరున్న ఇద్దరిని విడదీయటానికి పుట్టిన సంవత్సరం చాలు. అందుకే దాన్ని అచ్చువేయమంటాను. వయసు చెప్పుకోవటానికి మొహమాటపడే కవులు తమ కార్డు మీద ఇంకొకరి పుస్తకాలు చేరటానికి సిద్ధపడాలి. రిక్షా కార్మికుడి ఆవిష్కరణకు కూడా కార్డులో చోటు లేదనుకోకండి. గమనిక అని ఒక గడి వుంటుంది, అందులో రాయవచ్చు. ఎవరైనా రాశారేమో వెతకండి.

ఇక్కడ ఒక మిత్రుడు నాతో తీవ్రంగా విభేదించాడు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏ ప్రెస్సులో – ఈ ప్రశ్నలు పోలీసులు అడిగేవే గదా, నువ్వు వాటినే అడుగుతున్నావన్నాడు. కాదనలేను. 1867 చట్టం కథ చెప్పింది అదే. శివసాగర్ అనే పేరు వెనక సత్యమూర్తిని దాచుకోవలసిన కాలం వుంది. పాటల పుస్తకాలకు ప్రెస్సు పేరు వేస్తే ఆ ప్రెస్సు మూతపడే రోజులున్నాయి. ఆ ఖాళీ ఆత్మరక్షణ, దాన్ని తప్పుపట్టేవాడు చరిత్ర తెలియనివాడు. మరొకరన్నారు, పాట ప్రజలది, దానికి పేరూ తేదీ ఎందుకని. ఈ మాటను మాత్రం ఒప్పుకోను. ప్రజలు సామూహికంగా కట్టిన పాట వేరు. ఒక మాదిగ గాయకుడు కట్టిన పాట పేరు లేకుండా తిరిగి, పదేళ్ళకు ఇంకొకరి సంకలనంలో జానపదం అనే శీర్షిక కింద తేలటం వేరు. ఆ రెండోదానికి ప్రజల పేరు పెట్టటం దోపిడీకి మంచి పేరు పెట్టటమే. ఇంకా ఒక మాట. ఈనాడు ఆవిష్కరణ సభ ఫొటోలు అదే రాత్రి ఫోన్లలో పంచుకునే మనం, శీర్షిక పుట వెనక సంవత్సరం వేయకపోవటాన్ని అజ్ఞాతవాసంతో పోల్చుకోవటం ఆ కాలపు త్యాగాలను ఎగతాళి చేయటం.

అంతా ఇంటర్నెట్టులో వుంది గదా అనేవాళ్ళకు ఒక ఉదాహరణ. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేలకొద్దీ తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. మేలు చేశారు, నేనూ రోజూ వాడుకుంటాను. అయితే వాటి పేర్లను ఇష్టం వచ్చిన రోమన్ స్పెల్లింగుల్లో ఎక్కించారు. ఒకే పుస్తకం మూడు రూపాల్లో కనిపిస్తుంది, వెతికితే ఒక్క రూపంలోనూ దొరకదు. ఆ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవుకు చేరినప్పుడు చాలావాటి గుర్తింపు సంఖ్యలో 2015 అని చేరింది. అది పుస్తకం వేసిన సంవత్సరం కాదు. దాన్నే ప్రచురణ సంవత్సరంగా వేసిన పట్టిక ఒకటి నా దగ్గరకు దిద్దటానికి వచ్చింది. మన జిల్లా గ్రంథాలయపు 1985కూ దీనికీ తేడా ఏముంది? యంత్రం పెద్దదైంది, ఖాళీ అదే.

చేయగలిగింది కొండంతేమీ కాదు. శీర్షిక పుట వెనక రచయిత తాను కోరుకున్న రూపంలో తన పేరును తెలుగులోనూ రోమన్‌లోనూ, పుట్టిన సంవత్సరాన్నీ వేయాలి. ఇది మొదటి కూర్పా, ముద్రణా, పాతదానికి చేర్పులేమిటి, నెల, సంవత్సరం అంకెల్లో, ఊరు, ప్రెస్సు, ప్రచురణకర్త తానే అయితే ఆ మాట దాచకుండా రాయాలి. కవిత్వమా కథలా అన్నదీ, ఏ జీవితం గురించో అన్నదీ ఒక్క వాక్యంలో చెప్పాలి. పొగాకు కూలీ స్త్రీల కవితలు అని ఆ పుస్తకంలో ఒక్క ముక్క వుంటే ఏ గ్రంథాలయమూ దాన్ని ఆధునిక కవిత్వం అనే గోతంలో కుక్కేది కాదు. వర్గ సంఖ్య వేయటం రచయిత పని కాదు. ఊళ్ళో గ్రంథాలయాధికారిని అడిగితే పది నిమిషాల్లో వేసి ఇస్తారు. నేనడిగినప్పుడు ఒకాయన ఎంత సంతోషపడ్డాడంటే, ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఏ కవీ తనను ఈ ప్రశ్న అడగలేదని టీ తెప్పించాడు. నాలుగు గ్రంథాలయాలకు ప్రతులు పంపే ఖర్చు ఒంటరి కవికి బరువైతే రచయితల సంఘాల జిల్లా శాఖలు పదిమందివి కలిపి పంపవచ్చు. జిల్లా రచయితల పుస్తకాల జాబితా ఏటా ఒక ఫారం అచ్చువేయటం మనకు చేతకాని పనా? సభకు పూలదండల ఖర్చు కంటే తక్కువ.

ఆ పుస్తకం సంవత్సరం ఎట్లా తేలిందో చెప్పి ముగిస్తాను. అట్ట మడతలో మిగిలిన సగం పేరు పట్టుకుని తెనాలిలో ఒక పాత కంపోజిటర్ దగ్గరికి వెళ్ళాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి. పుస్తకం చేతికిస్తే చదవలేదు, కాగితాన్ని వేళ్ళతో తడిమాడు. తర్వాత అంచులు చూపించాడు. ప్రతి ఫారంలోనూ కింది మూల పసుపు చార వుంది. నేనది పాతబడిన మరక అనుకున్నాను. దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మా గోడౌనులో నీళ్ళు చేరాయండీ, తడిసిన రీములు ఆరబెట్టి చవగ్గా వేసిపెట్టాం ఆమెకి, డబ్బులు రెండు విడతలుగా ఇచ్చింది అన్నాడు. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. ఒక్క మనిషి జ్ఞాపకం చాలదని ఆమె ఇంటికి కూడా వెళ్ళాను. ఆమె లేదు. పెట్టెలో మిగిలిన ఒకే ప్రతికీ అదే మూల అదే చార. దానిలో మడిచిపెట్టిన ఇన్‌లాండు ఉత్తరం – పుస్తకం అందిందనీ, మూడో కవిత తమ యూనియన్ మీటింగులో చదివామనీ ఎవరో రాసింది – తపాలా ముద్ర 1978 జనవరి.

ఆ రెండు ఆధారాలూ ఒక కాగితం మీద రాసి, ఉత్తరం జిరాక్సు జతచేసి జిల్లా గ్రంథాలయంలో ఇచ్చాను. కంప్యూటరులో సంవత్సరం మార్చటానికి పై నుంచి అనుమతి రావాలట. గ్రంథాలయాధికారి ఆ కాగితాన్ని మాత్రం శీర్షిక పుట వెనక జిగురుతో అంటించింది. నా వ్యాసాన్ని ఎత్తి రాసిన ఇద్దరికీ, ఆ విద్యార్థికీ ఉత్తరాలు రాశాను. ఒకరి దగ్గర్నుంచి జవాబు వచ్చింది.